కాకినాడ విహారి: పదహారు టెస్టుల కథ



ఇవాళ మీతో ఒక ఆటగాడి గురించి మాట్లాడాలని వచ్చాను. మన కాకినాడలో పుట్టినవాడు. పేరు గాదె హనుమ విహారి. భారత క్రికెట్ జట్టుకి పదహారు టెస్టులు ఆడాడు. పదహారే. ఈ అంకె కాస్త గుర్తుంచుకోండి. మళ్లీ మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

క్రికెట్ అంతగా తెలియని వాళ్లు రేడియో కట్టేయకండి. ఇది స్కోర్ల కథ కాదు. ఆటే ఉద్యోగంగా బతికే మనిషి ఎలా పైకి వెళ్తాడు, ఎలా కిందికి వస్తాడు, ఆ మధ్యలో ఏం చేస్తాడు అన్న కథ. మనలో చాలామంది ఉద్యోగాలు చేసినవాళ్లమే. కానీ రెండు మూడు నెలలకోసారి మన ఉద్యోగం ఉందో లేదో పేపర్లో చూసి తెలుసుకోవలసిన పరిస్థితి మనకి రాలేదు. ఆటగాడికి అదే జీవితం. జట్టు ప్రకటించిన రోజున జాబితాలో పేరుంటే ఉన్నట్టు. లేకపోతే లేనట్టు.

విహారి పుట్టింది 1993 అక్టోబరు 13న. పన్నెండేళ్లకే తండ్రి పోయాడు. ఆ వయసులో తండ్రి పోతే పిల్లాడి ఆట సంగతి ఎవరు పట్టించుకుంటారు? చదువు, బతుకు, ముందు అవి కదా. కానీ తల్లి విజయలక్ష్మి గారు కొడుకు ఆట ఆపలేదు. హైదరాబాద్‌లో జాన్ మనోజ్ అనే కోచ్ దగ్గర కుర్రాడు ఆట నేర్చుకున్నాడు. 2010లో హైదరాబాద్ జట్టుకి రంజీ ట్రోఫీ, అంటే రాష్ట్ర జట్ల మధ్య పోటీ, ఆడాడు. అప్పటికి పదిహేడేళ్లు. 2012లో ఆస్ట్రేలియాలో అండర్ 19 ప్రపంచ కప్ గెలిచిన మన జట్టులో ఉన్నాడు. మరుసటి ఏడాది ఐపీఎల్‌లో సన్‌రైజర్స్ తరఫున బెంగళూరు మీద బంతి అందుకుని, క్రిస్ గేల్‌ను అవుట్ చేశాడు. గేల్ అంటే అప్పట్లో బౌలర్లకు హడల్. ఆ రోజు బ్యాటుతోనూ జట్టును ఒడ్డుకు చేర్చింది మన విహారే.

ఇక దూసుకుపోతాడనుకున్నారంతా. అలా జరగలేదు. ఐపీఎల్‌లో కావలసింది తుఫాను వేగం. విహారిది నిలకడ. పెద్ద డబ్బు, పెద్ద వెలుగు ఉన్న ఆ ఆటలో అతనికి చోటు నెమ్మదిగా తగ్గిపోయింది. అప్పుడతను వెళ్లింది ఎక్కడికో తెలుసా? ఎవరూ చూడని చోటికి. రంజీ ట్రోఫీకి. హైదరాబాద్ వదిలి ఆంధ్రకు వచ్చాడు. నాలుగు రోజుల మ్యాచ్‌లు. ఎండలో ఖాళీ గ్యాలరీలు. టీవీ కెమెరా ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. 2017 అక్టోబరులో విజయనగరంలో ఒడిశా మీద 302 పరుగులు చేసి అవుట్ కాకుండా నిలిచాడు. మూడు వందల రెండు! ఒక మనిషి ఒకే ఇన్నింగ్స్‌లో అన్ని పరుగులు చేయాలంటే ఎంతసేపు ఎండలో నిలబడాలో ఊహించుకోండి.

అలా ఏళ్ల తరబడి పరుగులు పోగుచేశాడు. 2018లో భారత జట్టు నుంచి పిలుపు వచ్చేనాటికి ఫస్ట్ క్లాస్ ఆటలో, అంటే రంజీ లాంటి మ్యాచ్‌ల్లో, అతని సగటు దాదాపు అరవై. అంటే ఒక్కసారి అవుటయ్యేలోపు సగటున అరవై పరుగులు. ఆంధ్ర నుంచి ఒక ఆటగాడు టెస్టు జట్టుకు ఆడడం, ఎమ్మెస్కే ప్రసాద్ తర్వాత మళ్లీ అప్పుడే. మధ్యలో దాదాపు రెండు దశాబ్దాలు గడిచిపోయాయి.

మొదటి టెస్టు లండన్‌లో, ఓవల్ మైదానంలో. ముందు రోజు రాహుల్ ద్రవిడ్‌కి ఫోన్ చేసి మాట్లాడాడు. మర్నాడు చేతులు వణుకుతున్నా క్రీజులో నిలిచి 56 పరుగులు చేశాడు. తర్వాత బంతి అందుకున్నాడు. ఇంగ్లండ్ దిగ్గజం అలస్టర్ కుక్‌కి అది ఆఖరి టెస్టు. సెంచరీ దాటేసి ఆడుతున్నాడు. అవతల జో రూట్ కూడా సెంచరీ దాటేశాడు. విహారి ఆ ఇద్దరినీ వరుస బంతుల్లో పంపేశాడు. కుక్‌ను టెస్టుల్లో ఆఖరిసారి అవుట్ చేసింది మన కాకినాడ కుర్రాడే. ఈ సంగతి మన ఊళ్లోనే చాలామందికి తెలియదు.

ఇక్కడి నుంచి కాస్త జాగ్రత్తగా వినండి.

ఆ ఏడాది చివర్లో ఆస్ట్రేలియా వెళ్లారు. మెల్‌బోర్న్‌లో మనవాళ్ల ఓపెనర్లిద్దరూ ఫామ్‌లో లేరు. కొత్త బంతిని ఎదుర్కొనే పని ఎవరికివ్వాలి? విహారికి ఇచ్చారు. అతను ఓపెనర్ కాదు. మధ్యలో ఆడేవాడు. వెళ్లమన్నారు, వెళ్లాడు. 66 బంతులు ఆడాడు. చేసింది 8 పరుగులు. మర్నాడు పేపర్లో ఆ ఎనిమిదే కనిపించింది. కానీ దాదాపు పంతొమ్మిది ఓవర్లు మొదటి వికెట్ పడలేదు. కొత్త బంతి మెరుపు తగ్గింది. తర్వాత వచ్చిన పుజారా సెంచరీ కొట్టాడు. మ్యాచ్ గెలిచాం. స్కోరు పట్టీలో విహారి పేరు పక్కన ఎనిమిదే.

మరుసటి ఏడాది వెస్టిండీస్. ఆంటిగ్వాలో 93 దగ్గర అవుటయ్యాడు. ఏడు పరుగుల్లో సెంచరీ పోయింది. వారం తిరగకుండా జమైకాలో, కింగ్‌స్టన్‌లో మళ్లీ అవకాశం. ఈసారి వదల్లేదు. 111. అవతలి వైపు ఇషాంత్ శర్మ, బౌలర్. అతన్ని అట్టేపెట్టుకుని వంద పరుగులు దాటిన భాగస్వామ్యం నడిపాడు. ఇషాంత్‌కి కూడా టెస్టుల్లో అదే తొలి అర్ధసెంచరీ. ఆ రోజు ఆట అయ్యాక విహారి తన సెంచరీ ఎవరికి అంకితమిచ్చాడో తెలుసా? నాన్నకి. పన్నెండేళ్లప్పుడు పోయిన నాన్నకి. దేశానికి ఆడే రోజు వస్తే తొలి సెంచరీ నాన్నకేనని ఎప్పుడో అనుకున్నాడట.

అదే అతని ఏకైక టెస్టు సెంచరీ. మరో నెల గడిచాక విశాఖలో, సొంత రాష్ట్రంలో, దక్షిణాఫ్రికాతో టెస్టు. పది పరుగులకే అవుటయ్యాడు. తర్వాతి మ్యాచ్‌కి పక్కన పెట్టారు. ఎందుకంటే స్వదేశంలో అయితే ఒక బ్యాటరు తక్కువైనా ఒక బౌలరు ఎక్కువ కావాలన్నారు. విదేశంలో అయితే విహారి కావాలి. స్వదేశంలో అయితే అక్కర్లేదు. లెక్క చెబుతాను చూడండి. పదహారు టెస్టుల్లో పదమూడు విదేశాల్లోనే ఆడాడు. మళ్లీ చెబుతున్నాను. పదహారులో పదమూడు పరాయి గడ్డ మీద. ఇంగ్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా, వెస్టిండీస్. బంతి ఎగిరే చోట, తిరిగే చోట, చలిలో, గాలిలో. పరుగులు తేలిగ్గా వచ్చే సొంత పిచ్‌ల మీద మూడంటే మూడు.

అతని టెస్టు సగటు ముప్పై మూడు చిల్లర. దాన్ని చూసి ఇంతేనా అనేవాళ్లుంటారు. ఆ పరుగులు ఎక్కడ చేశాడో కూడా చూడాలి కదండీ.

ఇప్పుడు సిడ్నీ. 2021 జనవరి 11. ఈ ఒక్క రోజు గురించి కాస్త ఎక్కువసేపు చెబుతాను.

ఆస్ట్రేలియాతో సిరీస్ ఒకటి ఒకటిగా సమానంగా ఉంది. మూడో టెస్టు ఆఖరి రోజు. మనకి 407 పరుగుల లక్ష్యం. పంత్ 97 కొట్టి వెళ్లిపోయాడు. పుజారా 77 చేసి వెళ్లిపోయాడు. 272 పరుగులకి అయిదు వికెట్లు. దాదాపు సగం రోజు ఆట మిగిలే ఉంది. క్రీజులో విహారి, అశ్విన్. విహారికి పరుగు తీస్తుంటే తొడ వెనక కండరం పట్టేసి చీలింది. నడవడమే కష్టం. అశ్విన్‌కి నడుం నొప్పి. ఆ పొద్దున బూటు లేసు కట్టుకోవడానికి కూడా వంగలేకపోయాడు. వీళ్ల తర్వాత దిగాల్సిన జడేజాకి బొటనవేలు విరిగింది. ప్యాడ్లు కట్టుకుని కూర్చున్నాడు. ఆ తర్వాత అందరూ బౌలర్లే. ఎదురుగా స్టార్క్, కమిన్స్, హేజిల్‌వుడ్, లయన్. ప్రపంచంలోనే గట్టి బౌలింగ్.

పరుగు తీసే కాళ్లు లేవు. గెలిచే దారి లేదు. ఒకటే మార్గం. నిలబడడం. సాయంత్రం దాకా అవుట్ కాకుండా నిలబడడం.

గోదావరి వరదప్పుడు రాత్రుళ్లు ఏటిగట్టు కాపలా కాసినవాళ్లు మీలో ఉంటారు. తెల్లారేసరికి ఊళ్లోకి నీళ్లు రాకపోతే, రాత్రి ఏమీ జరగనట్టే ఉంటుంది. ఆ ఏమీ జరగకపోవడమే వాళ్లు చేసిన పని. విహారి ఆ రోజు చేసింది అదే.

వంద బంతులు ఆడినా అతని స్కోరు ఇంకా ఒక అంకె దగ్గరే ఉంది. టీ విరామంలో నొప్పికి ఇంజక్షన్ వేయించుకుని మళ్లీ వచ్చాడు. కుంటుతూ నడిచాడు. పక్కటెముకల మీదికి, ముఖం మీదికి వచ్చే బంతులు అశ్విన్ కాసుకున్నాడు, ఇతనూ కాసుకున్నాడు. చెన్నై లీగుల్లో ఏళ్ల తరబడి ఆడిన విహారికి తమిళం వచ్చు. అశ్విన్‌తో తమిళంలో మాట్లాడుకుంటూ పది బంతులు, మరో పది బంతులు అని లెక్క పెట్టుకుంటూ పొద్దు గడిపారు. చివర్లో విహారి ఇచ్చిన ఒక క్యాచ్ ఆస్ట్రేలియా కెప్టెన్ పెయిన్ చేతుల్లోంచి జారింది. అది కాస్త అదృష్టం. మిగతాదంతా ఓపికే. ఇద్దరూ కలిసి నలభై రెండు ఓవర్లకు పైగా ఆడారు. విహారి 161 బంతులు ఆడి 23 పరుగులతో నిలిచాడు. మ్యాచ్ డ్రా అయింది.

ఆట నడుస్తుండగానే ఒక కేంద్ర మంత్రి, విహారి ఆట చంపేస్తున్నాడని ట్విట్టర్‌లో రాశారు. పేరు కూడా తప్పు రాశారు, బిహారి అని. విహారి తర్వాత ఇచ్చిన జవాబు ఒక్కటే. తన పేరు సరిగ్గా రాశాడు. హనుమ విహారి. అంతే.

తర్వాతి వారం బ్రిస్బేన్‌లో మనవాళ్లు గెలిచారు. సిరీస్ గెలిచారు. దేశమంతా పండగ చేసుకుంది. ఆ మ్యాచ్‌లో విహారి లేడు. నడవలేని మనిషి ఎలా ఆడతాడు? కానీ ఒక్కసారి ఆలోచించండి. సిడ్నీలో ఓడి ఉంటే బ్రిస్బేన్ గెలిచినా సిరీస్ సమానమయ్యేదే తప్ప గెలిచేవాళ్లం కాదు. ఆ విజయానికి పునాది సిడ్నీలో కుంటుతూ నిలబడ్డ ఇద్దరు వేశారు.

సిడ్నీ తర్వాత విహారికి మళ్లీ టెస్టు ఎప్పుడొచ్చిందో తెలుసా? ఏడాదికి. 2022 జనవరిలో, జోహానెస్‌బర్గ్‌లో, అదీ కోహ్లీకి వెన్ను పట్టేసిందని. రెండో ఇన్నింగ్స్‌లో నలభై చేసి అవుట్ కాకుండా ఉన్నాడు. కోహ్లీ తిరిగొచ్చాడు, ఇతను బయటికి.

ఆ ఏడాది గ్యాప్‌లో ఏం చేశాడన్నది నాకు పరుగులకంటే పెద్దగా కనిపిస్తుంది. 2021 వేసవి గుర్తుంది కదా. కరోనా రెండో అల. పడకలు లేవు, ఆక్సిజన్ లేదు. విహారి అప్పుడు ఇంగ్లండ్‌లో వార్విక్‌షైర్ కౌంటీకి ఆడుతున్నాడు. అక్కడ ఆట సరిగ్గా సాగడం లేదు. కానీ అక్కడి నుంచే ఫోను పట్టుకుని స్నేహితులనూ, అభిమానులనూ, తోటి ఆటగాళ్లనూ కూడగట్టాడు. ఎవరికి ఆక్సిజన్ కావాలి, ఎవరికి పడక కావాలి, ఎవరికి ప్లాస్మా కావాలి, తన ట్విట్టర్ ఖాతాలో పెట్టి, వెతికి పట్టి, చేరవేసే పని చేశాడు. తన ఉద్యోగమే అటో ఇటో అన్నట్టున్న రోజుల్లో.

తర్వాత శ్రీలంకతో స్వదేశంలో రెండు టెస్టులు. పుజారా స్థానంలో, మూడో నంబరులో. మొహాలీలో 58. బెంగళూరులో రెండు ఇన్నింగ్స్‌లోనూ ముప్పైల్లో. 2022 జులైలో ఇంగ్లండ్‌లో, ఎడ్జ్‌బాస్టన్‌లో 20, 11. ఆ మ్యాచ్‌లోనే బెయిర్‌స్టో పద్నాలుగు దగ్గర ఉన్నప్పుడు విహారి చేతిలో క్యాచ్ జారింది. బెయిర్‌స్టో సెంచరీ కొట్టాడు, ఇంగ్లండ్ గెలిచింది. అది విహారి పదహారో టెస్టు. మళ్లీ పిలుపు రాలేదు.

ఆరో నంబరులో ఆడాడు, ఓపెనర్‌గా ఆడాడు, మూడో నంబరులో ఆడాడు. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ. ఒక చోట కుదురుగా పది మ్యాచ్‌లు ఎవరూ ఇవ్వలేదు. నా మాట సూటిగా చెబుతున్నాను. ఆ క్యాచ్ వదిలేశాడు, నిజమే. ఆ మ్యాచ్‌లో పరుగులు చేయలేదు, అదీ నిజమే. అయినా సిడ్నీలో దేశం కోసం ఒంటికాలి మీద నిలబడ్డవాడికి ఇంకొంత ఓర్పు చూపించి ఉండాల్సింది. అతనికి ఇచ్చిన పనులు కష్టమైనవి, ఇచ్చిన గడువు చిన్నది.

అమెరికాలో బేస్‌బాల్ అని బ్యాటూ బంతీ ఆటే ఇంకొకటి ఉంది. అక్కడ పెద్ద లీగ్‌లో ఆట తగ్గినవాడిని చిన్న ఊళ్ల జట్లకి పంపుతారు. అక్కడ కుదురుకున్నాక మళ్లీ పైకి పిలుస్తారు. మనకి రంజీ ట్రోఫీ అలాంటి మెట్టే. అన్ని ఆటల్లోనూ ఇలా పిలుపు కోసం ఎదురుచూడక్కర్లేదు. మన డెల్టాలోనే అమలాపురం నుంచి వచ్చిన సాత్విక్ సాయిరాజ్‌ని చూడండి. చిరాగ్ శెట్టితో కలిసి 2023లో బ్యాడ్మింటన్ డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. మరుసటి ఏడాది పారిస్ ఒలింపిక్స్‌లో క్వార్టర్ ఫైనల్లోనే ఓడిపోయారు. బాధపడ్డారు. కానీ బ్యాడ్మింటన్‌లో గెలిస్తే పాయింట్లు వస్తాయి, పాయింట్లతో ర్యాంకు వస్తుంది, ర్యాంకు ఉంటే టోర్నీలో చోటు ఉంటుంది. ఒకరు దయతలచక్కర్లేదు. జట్టు ఆటలో అలా కాదు. నువ్వు ఎంత చేసినా ఆఖరికి నలుగురు కూర్చుని నీ పేరు రాయాలి.

మరి పేరు రాయడం మానేశాక విహారి ఏం చేశాడు? ఇంకో సంగతి చెప్పాలి.

2023 జనవరి ఆఖర్లో ఇండోర్. రంజీ క్వార్టర్ ఫైనల్. ఆంధ్ర, మధ్యప్రదేశ్. ఆవేశ్ ఖాన్ వేసిన బంతి విహారి ఎడమ మణికట్టుకి తగిలింది. ఎముక విరిగింది. పదహారు పరుగుల దగ్గర బయటికి వెళ్లాడు. ఆట అయిపోయిందనుకున్నారు. మర్నాడు తొమ్మిది వికెట్లు పడ్డాక మళ్లీ వచ్చాడు. ఇతను కుడిచేతి బ్యాటరు. కుడిచేతి బ్యాటరుకి ఎడమచెయ్యి బౌలరు వైపే ఉంటుంది. విరిగిన చెయ్యి కాచుకోవాలంటే తిరిగి నిలబడాలి. ఎడమచేతి వాటంగా నిలబడ్డాడు. దాదాపు ఒంటిచేత్తో ఆడాడు. రెండో ఇన్నింగ్స్‌లోనూ మళ్లీ వచ్చి అలాగే బౌండరీలు కొట్టాడు. ఆంధ్ర ఓడిపోయింది. అయినా ఆ ఆట చూసినవాళ్లు మర్చిపోలేదు. భారత జట్టు పిలుపు రాదని తెలిసి, టీవీలో పెద్దగా ఎవరూ చూడని మ్యాచ్‌లో, విరిగిన చేత్తో దిగాడంటే అది ఎవరి మెప్పు కోసమూ కాదు. తన జట్టు కోసం.

అదే ఏడాది జులైలో అతని కెప్టెన్సీలో సౌత్ జోన్ జట్టు, జోన్ల మధ్య జరిగే దులీప్ ట్రోఫీ గెలిచింది. కింద పడ్డవాడు లేచాడనుకున్నాం. కానీ ఆ తర్వాతి రంజీ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కాగానే ఆంధ్ర కెప్టెన్సీ చేతులు మారింది. 2024 ఫిబ్రవరిలో మళ్లీ ఇండోర్‌లోనే, మళ్లీ మధ్యప్రదేశ్ చేతిలోనే, ఈసారి నాలుగే నాలుగు పరుగుల తేడాతో ఆంధ్ర ఓడింది. ఆ రోజే విహారి బయటికి వచ్చి, తనంతట తాను కెప్టెన్సీ వదల్లేదని, వదిలేయమన్నారని రాశాడు. ఇక ఆంధ్రకు ఆడనన్నాడు. క్రికెట్ సంఘం తన వాదన తాను చెప్పింది. ఎవరి మాట ఎంతన్నది ఇక్కడ కూర్చుని నేను తేల్చను. ఆ తర్వాత అతను మనసు మార్చుకుని ఆంధ్రకే మళ్లీ ఆడాడు. 2025లో మాత్రం ఆంధ్ర వదిలి త్రిపుర వెళ్లిపోయాడు.

త్రిపుర ఎక్కడ, కాకినాడ ఎక్కడ! ఈశాన్యంలో చిన్న రాష్ట్రం. బయటి రాష్ట్రాల ఆటగాళ్లను తీసుకుని, వాళ్ల అనుభవంతో తమ కుర్రాళ్లను నిలబెట్టుకుంటున్న జట్టు. ముప్పై దాటిన వయసులో, ప్రపంచం చూసిన ఆటగాడు, అక్కడ ఇరవై ఏళ్ల కుర్రాళ్ల పక్కన నిలబడి మళ్లీ మొదలుపెట్టాడు. అగర్తలాలో బెంగాల్ మీద సెంచరీ కూడా కొట్టాడు. అతను ఇంకా ఆడుతుండడం నాకు సంతోషం. మన జట్టుకి కాకపోవడం నాకు బాధ.

కాకినాడలో, రాజమండ్రిలో, భీమవరంలో, సాయంత్రం మైదానాల్లో కిట్ బ్యాగులు మోసుకుంటూ పోయే పిల్లలున్నారు. వాళ్ల అమ్మానాన్నలకి ఒక మాట. మీవాడు అరగంట ఆడి నాలుగు పరుగులు చేసి వస్తే, ఎన్ని కొట్టావురా అని ముందు అడగకండి. ఎంతసేపు నిలబడ్డావని అడగండి.

ఇంకొక్క మాట. రంజీ మ్యాచ్‌లు ఎక్కువగా అక్టోబరు ప్రాంతంలో మొదలవుతాయి. మన రాష్ట్రంలో విశాఖలో, విజయనగరంలో జరుగుతుంటాయి. చాలాచోట్ల టికెట్ కూడా ఉండదు, వెళ్లి కూర్చోవడమే. ఈసారి పిల్లల్ని తీసుకుని ఒక్క రోజు వెళ్లండి. అక్కడ ఎండలో, ఖాళీ గ్యాలరీల ముందు, ఇంకో విహారి ఆడుతూ ఉంటాడు. అతనికి నాలుగు చప్పట్లు కావాలి.